ఆముదం తాగిన ఇంజను

రుక్మిణి ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. ఘాటు ఎక్కకుండా ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుంది. వేళ్లు మండకుండా మోచేతుల దాకా ఆముదం రాసుకుంది. కాయ చేటలోకి, తొడిమె నేల మీదికి. పొద్దెక్కేలోపల సగం గోనె ఖాళీ చేసింది. పందొమ్మిది రోజులుగా ఆ వెనక వసారాలో ఆమె చేతులది ఒక పని, కళ్లది ఇంకో పని. చేతులు ఇంటి పని చేసుకుపోతాయి. కళ్లు దొడ్డి చివర ఉన్న గోదాములోకి చూస్తుంటాయి.

ఆ గోదాములో ఉన్నది బారెడు పొడవు చిన్న ట్రాక్టరు. మానుకోట బజారులో ఆముదాల వ్యాపారం చేసే రాజేశం తమ్ముడు సంజీవ దాన్ని తెచ్చాడు. హైదరాబాదులో ఎవరో నవాబు తోట వేలం వేస్తుంటే, అక్కడ గడ్డి కోసే ఆ సీమ బండిని కొని రైలు వ్యాగనులో వేయించాడు. ఒక్క సిలిండరు ఇంజను, నాలుగు చిన్న చక్రాలు, కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలే సీటు. బజారు బజారంతా వచ్చి చూసి నవ్విపోయింది. ఎడ్లు లేని రైతుకు ఇదే ఎద్దు అవుతుందని సంజీవ అన్నాడు. అయ్యేలోపల అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, ఊరేగింపులు మొదలయ్యాయి, పోలీసులు ఇల్లిల్లూ వెతికారు. సంజీవ ఒకనాడు రైలెక్కిపోయాడు. మళ్లీ రాలేదు. పన్నెండేళ్లు ఎదురుచూసి, నిరుడు ఎండాకాలంలో రాజేశం కాళేశ్వరం పోయి, గోదావరి ఒడ్డున తమ్ముడికి కర్మ చేసి వచ్చాడు.

రుక్మిణి రాజేశం ఇంటికి కోడలై వచ్చింది మూడేళ్ల కిందటే. సంజీవను ఫోటోలో చూడడమే. ట్రాక్టరును మాత్రం ఈ పందొమ్మిది రోజుల్లో బోల్టు బోల్టుగా చూసింది.

చూపించినవాడు అమర్‌సింగ్. గూడూరు దగ్గర తండా మనిషి. ఆ చుట్టుపక్కల ఏ బావి మీద ఆయిలింజను మొరాయించినా అతనికే కబురు. రెండేళ్ల కిందట ఒక బావిలోకి ఇంజను దించుతుంటే మోకు తెగింది. ఎడమ కాలు మోకాలి కిందికి పోయింది. తుమ్మకర్రతో కాలు తానే చెక్కుకున్నాడు, నడక నేర్చుకున్నాడు. కానీ మెత్తటి దుక్కిలో ఎడ్ల వెంట నడవాలంటే ఆ కర్ర జానెడు లోతు దిగబడుతుంది. రెండున్నర ఎకరాల నల్లరేగడి రెండేళ్లుగా బీడు పడింది. ఈ ఏడూ పడితే, భార్య గంగికి అన్న అయిన మాన్‌సింగ్ వెంట బొంబాయి దిక్కు మట్టిపనికి పోవడమే. మూటలు కూడా కట్టి పెట్టుకున్నారు.

కూర్చుని దున్నే బండి ఒకటి సావుకారి గోదాములో తుప్పు పడుతోందని విని అతను వచ్చి అడిగాడు. రాజేశం చాలాసేపు ఆలోచించి అన్నాడు.

"దాని మనిషి పోయిండు. ఇగ గది ఎవ్వనిది గాదు. బుధారం లోపల ఇంజను కదిలితె నువ్వే తీస్కపో. కదలకుంటె పాత ఇనుము లారీకి ఎక్కుతది."

రేపే బుధవారం.

*

గంగి గోదాము గుమ్మంలో కూర్చుని ఉలితో తుప్పు గీకుతోంది. ఆమె చేతుల గాజులు మోచేతుల పైదాకా ఉంటాయి. గీకినప్పుడల్లా అవి గలగలమంటాయి. ఆ చప్పుడు ఆగిందంటే భార్యాభర్తలు ఏదో మాట్లాడుకుంటున్నారని రుక్మిణికి తెలుసు. వాళ్లలో వాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటారు. రుక్మిణికి మాట అర్థం కాదు కానీ, ఇన్నాళ్లకు స్వరం అర్థమవుతోంది.

ఇంజను ఒక్కటి తప్ప బండి అంతా తయారైంది. అది ఎలా తయారైందో చూసినవాళ్లకే తెలుస్తుంది. క్లచ్చి ఎడమ కాలితో తొక్కేది. తొక్కడానికి కాలు లేదు. అమర్‌సింగ్ మూడు రోజులు ఆ బండి ముందు బీడీ మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు పాత మోట బొక్కెన పట్టీ ఒకటి తెచ్చి, కొలిమిలో కాల్చి వంచి, సీటు పక్కన నిలబెట్టాడు. దాని కింది కొసను సైకిలు గొలుసు ముక్కతో క్లచ్చికి కలిపాడు. ఇప్పుడు చెయ్యి వెనక్కి లాగితే కాలు తొక్కినట్టు. తోటలో గడ్డి కోసే కత్తులు విప్పేసి వాటి స్థానంలో గుంటుక కట్టాడు. మిరప సాళ్ల నడుమ పట్టాలని వెనక ఇరుసును కోసి జానెడు కురచ చేశాడు. రబ్బరు చక్రాలు నల్లమట్టిలో జారతాయని, పళ్లున్న ఇనుప చక్రాలు చేయించాడు. ఎక్కడో సీమలో ఎవరో దొర పచ్చికలో తిరగడానికి పుట్టిన బండి, గూడూరు దిక్కు రేగడి కోసం మళ్లీ పుట్టింది.

ఇంజను మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. లోపల పిస్టన్ అంటుకుపోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి కిరసనాయిలు పోసి మూడు రోజులు నానబెట్టారు. గంగి ఇంజను పక్కనున్న బరువు చక్రాన్ని రెండు చేతులా పట్టి, నడుం వంచి తిప్పింది. చీమంత కూడా కదల్లేదు.

ఈ పొద్దున ఇక మూత ఊడదీయక తప్పలేదు. ఆరు బోల్టుల్లో ఐదు వచ్చాయి. ఆరోదాన్ని అమర్‌సింగ్ బతిమాలుకున్నట్టే విప్పాడు. కొంచెం వేడి పెట్టాడు, కొంచెం తట్టాడు, పానా వేసి పావు చుట్టు తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. బలం వాడితే బోల్టు విరుగుతుంది. విరిగితే అంతే సంగతి. అతని మెడ మీద చెమట కారుతోంది గాని చెయ్యి తొందరపడలేదు. అరగంటకు బోల్టు కిర్రుమని వదిలింది.

"వచ్చింది," అన్నాడు, ఎవరితోనో కాదు, బోల్టుతోనే అన్నట్టు.

రుక్మిణి చేట పక్కన పెట్టి, చెంబుతో మంచినీళ్లు పట్టుకుని వెళ్లింది. రోజూ ఈ వేళకు ఇస్తుంది. ఇచ్చాక కాసేపు నిలబడుతుంది. నిలబడడానికే ఇస్తుందని గంగికి తెలుసు.

"రా చిన్నమ్మా, కడుపు కోసినం, చూడు," అంది గంగి.

సిలిండరు నోరు తెరుచుకుని ఉంది. పైన తేలిన కిరసనాయిలును అమర్‌సింగ్ గుడ్డతో అద్ది తీశాడు. దాని అడుగున, పిస్టన్ మీద, తేనెరంగు నూనె నిలిచి ఉంది. మూడు రోజులు పక్కన కూర్చున్నా కిరసనాయిలు దానితో కలవలేదు. అతను ఇంకో శుభ్రమైన గుడ్డ తీసుకుని ఆ నూనెను కూడా అద్దాడు. దాని కింద కనిపించింది అసలు శత్రువు. పిస్టన్ చుట్టూ నల్లబెల్లంలా గడ్డకట్టిన మడ్డి.

"గిది గ్రీసు గాదు," అన్నాడతను. "గ్రీసైతె కిరసనాయిలుకు కరగాలె. తుప్పు సుత గాదు. ఏందిది మరి?"

బాకు మొన నిప్పుల మీద కాల్చి మడ్డి మీద ఆనించాడు. సన్నగా పొగ లేచింది. ఆ వాసన రుక్మిణి ముక్కును పట్టి పుట్టింటికి లాక్కుపోయింది. దంతాలపల్లిలో వాళ్లమ్మ ఏటా ఆముదం వండేది. పెద్ద కుండ అడుగున మిగిలే మాడువాసన ఇదే.

ఆమె ఆ గోదాములో నోరు తెరిచి మాట్లాడింది అదే మొదటిసారి.

"అది ఆముదం."

అమర్‌సింగ్ తలెత్తాడు. "ఇంజన్ల ఆముదం ఎందుకుంటది చిన్నమ్మా?"

"ఎందుకో నాకు తెల్వది. ఆముదమే."

గంగి ఫక్కున నవ్వింది. "పాపం, అరగలేదేమో. సావుకారి ఇంట్ల పుట్టి పెరిగింది గదా, ఆముదం తాపిన్రు."

*

ఆ నవ్వుకు అత్తమ్మ విజయలక్ష్మి దొడ్డిలోకి వచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. గోదాము దాకా రావడం అరుదు. వచ్చి గుమ్మం దాటకుండా గోడకు ఆనుకుని నిలబడి, లోపలికి తొంగి చూసింది.

"ఏంది, ఆముదం ఆముదమంటున్నరు?"

రుక్మిణి చెప్పింది. విజయలక్ష్మి చూపు సిలిండరు మీద ఆగింది.

"నేనే పోసిన," అంది చివరకు.

అమర్‌సింగ్ పానా కింద పెట్టాడు.

"పోయేనాడు సంజీవ చెప్పిండు. 'వదినా, ఏటేటా దసరాకు గీ ప్లగ్గు బొందల చెంచెడు నూనె పొయ్యి. పోసి చక్రం ఒకసారి తిప్పు. నేను వచ్చేదాంక పాడుగాదు' అన్నడు. ఆయన పక్కకే మీ సావుకారి సుత నిలవడ్డడు. ఇగ దసరాకు ఆయుధపూజ చేస్తం గదా, కత్తిపీట, తక్కెడ, బండి చక్రాలు. వాటితోటి దీనికి సుత బొట్టు పెట్టి, నూనె పోసేదాన్ని."

"ఆయన చెప్పింది ఇంజన్ నూనె తల్లీ," అన్నాడు అమర్‌సింగ్ మెల్లగా.

"నాకేం తెలుసయ్యా. మా ఇంట్ల ఇనుముకు పోసే నూనె అంటె ఆముదమే. బండి ఇరుసుకు గదే పోస్తం, తలుపు కీలుకు గదే పోస్తం. గిది సుత బండే గదా అనుకున్న." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "కొన్నేండ్లకు చక్రం తిరుగుడు బందైంది. మోకాళ్లు నొచ్చి నాకే బలం తగ్గిందనుకున్న. నేనే పాడుచేసిననా?"

అమర్‌సింగ్ బాకుతో ఒక మూల మడ్డిని కొద్దిగా గీకాడు. చిటికెన వేలంత చోటు బయటపడింది. అద్దంలా మెరిసింది. అతను తల వంచి చాలాసేపు అందులోకి చూశాడు. ఆ చూపులో పండుగ ఉంది.

"చిన్నమ్మా, ఇటు రా. చూడు. పదమూడేండ్ల ఇనుము గిట్ల ఉంటదా?" అని, విజయలక్ష్మి వైపు తిరిగాడు. "గీ ఆముదమే అంటువెట్టింది తల్లీ, గీ ఆముదమే కాపాడింది. నువ్వు ఏం పొయ్యకుంటె ఈపాటికి లోపల చిల్లులు పడుతుండె. ఇంజన్ నూనె పోసినా గింత కాపాడకపోవు."

విజయలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పన్నెండు దసరాలు పోసిన. నిరుడు కర్మ చేసినంక ఇగ పొయ్యలే. ఎవ్వరికోసమని పోస్త? పోయిన దసరాకు గీ దిక్కే రాలే."

అమర్‌సింగ్ నవ్వు ఆ మాట దగ్గర ఆగిపోవడం రుక్మిణి చూసింది. అతను పక్కన పడేసిన గుడ్డను, తేనెరంగు నూనె అద్దిన గుడ్డను, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. నాలుగు మడతలు పెట్టి సీటు మీద ఉంచాడు.

"ఆముదం మడ్డిని ఏం కరిగిస్తది?" అన్నాడు.

"బూడిదనీళ్లు కాగవెట్టి కడుగుతం," అంది రుక్మిణి.

"నీళ్లు లోపలికి పోవద్దు చిన్నమ్మా."

గంగి లేచింది. గాజులు గలగలమన్నాయి. మూలనున్న మూట విప్పి బిరడా పెట్టిన సీసా ఒకటి తీసింది. ఇనుప చక్రాలను లారీ మీద వేసుకొచ్చిన డ్రైవరుకు ఇద్దామని తండా నుంచి తెచ్చింది.

"మా తండల ఆముదం సీసలనే సారా పోస్తం. రెండు ఊపులు ఊపితె సీస తెల్లగైతది. ఇప్పపువ్వుది, మొదటి ధార."

విజయలక్ష్మి చెయ్యి ముక్కు మీదికి వెళ్లింది. "ఓ పిల్లా, మా ఇంట్ల ఉల్లిగడ్డ సుత శనివారం తినం. సారా తెస్తివా?"

"మేం తాగుతలేమమ్మా. ఇంజనుకు తాపుతున్నం."

"ఎవ్వరికి తాపినా వాసన వాసనే."

"నువ్వు పన్నెండేండ్లు దానికి ఆముదం తాపినవ్, నేను ఒక్కపూట సారా తాపుత. దాని బాధ అదే పడుతది."

విజయలక్ష్మి నవ్వకుండా ఉండడానికి తల పక్కకు తిప్పుకుంది. "కానియ్యున్రి. మీ సావుకారి బువ్వకు వచ్చేలోపల కానియ్యున్రి," అని ఇంట్లోకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి రెండుసార్లు చూసింది.

*

సారా పోశారు. సిలిండరు చుట్టూ వేడినీళ్లలో ముంచి పిండిన గోనెగుడ్డ కట్టారు. రుక్మిణి పొయ్యి మీంచి నీళ్లు మోసింది. చేట, మిరపకాయలు, తొడిమెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రోహిణి ఎండకు గోదాము రేకులు టకటకమంటున్నాయి. ఇప్పపువ్వు వాసన, వేడెక్కిన ఆముదం వాసన కలిసి తల తిరుగుతోంది.

అమర్‌సింగ్ ప్రతి పావుగంటకూ సన్నని వెదురుపుల్లతో పిస్టన్ అంచు చుట్టూ గీసేవాడు. ఇనుము పుల్ల వాడితే గీత పడుతుందని వెదురు చెక్కుకున్నాడు. నల్లగా, జిగురుగా మడ్డి లేచి వచ్చేది. గుడ్డతో తుడిచి, మళ్లీ నాలుగు చుక్కలు పోసేవాడు. రుక్మిణికి వాళ్లమ్మ చంటిపిల్లల చెవులు శుభ్రం చేయడం గుర్తొచ్చింది. అంత పెద్ద చేతులు అంత మెత్తగా ఎలా పనిచేస్తాయో ఆమెకు ఎన్నిరోజులు చూసినా ఆశ్చర్యమే. ఒక కాలు పోయిన మనిషి అని అందరూ అంటారు. ఆమెకు మాత్రం అతని దగ్గర ఏదో తక్కువ ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అతను ఒక చెక్కముక్క పిస్టన్ మీద పెట్టి, కర్రసుత్తితో నాలుగు వైపులా చిన్నగా తట్టాడు.

"గంగీ."

ఆమె బరువు చక్రం పట్టుకుంది. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి ఊగించింది. ముందుకు, వెనక్కి. మూడోసారో నాలుగోసారో, లోపల ఎక్కడో తడిబంకలోంచి కాలు లాగినట్టు చప్పుడైంది. పిస్టన్ గోరంత కిందికి దిగింది.

గంగి ఆగి భర్త ముఖంలోకి చూసింది. అతను తలూపాడు. ఆమె పళ్లు బిగించి మళ్లీ తిప్పింది. బెత్తెడు దిగింది. ఇంకొంచెం తిప్పితే అడుగు దాకా పోయి, మెల్లగా మలుపు తిరిగి, మెరుస్తున్న గోడల మధ్య నుంచి పైకి వచ్చింది. నల్లగా తడిసి, నిద్రలేచినట్టు.

గంగి చక్రం వదిలి నేల మీద కూలబడింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

"చిన్నమ్మా, మా అన్నకు కబురు చెయ్యాలె. ఈసారి నువ్వే పో, మేం రామని. మూటలు ఇప్పేస్త ఇంటికి పోంగనే."

రుక్మిణి కూడా నవ్వింది. నవ్వుతూ అమర్‌సింగ్ వైపు చూసి ఆగిపోయింది. అతను చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేలినే మళ్లీ తుడుస్తున్నాడు. పందొమ్మిది రోజుల పని చేతికొచ్చిన మనిషి ముఖం కాదది. సీటు మీది మడతపెట్టిన గుడ్డ వైపు చూస్తున్నాడు.

గంగి ఏదో అడిగింది, వాళ్ల భాషలో. అతను గుడ్డ చూపించి నాలుగు ముక్కలు చెప్పాడు. గంగి ముఖంలో నవ్వు ఆరిపోయింది. లేచి అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. బతిమాలింది, కసిరింది, మళ్లీ బతిమాలింది. రుక్మిణికి ఒక్క మాట అర్థం కాలేదు. మొత్తం అర్థమైంది. నోరు మూసుకో, అంటోంది గంగి. ఎవరూ అడగలేదు, నువ్వు చెప్పకు.

అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. తల అడ్డంగా ఊపాడు.

*

రాజేశం భోజనానికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ గోదాము వైపు చూశాడు. తలుపులో ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఆయన తువ్వాలతో కాళ్లు తుడుచుకుని అక్కడికి వచ్చాడు. బరువు చక్రం మీద చెయ్యి వేసి కొంచెం నెట్టాడు. అది తిరిగింది. ఆయన చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"కదిలింది," అన్నాడు.

"కదిలింది సావుకారి."

"ఇగ ఏంది మరి? నీదే. లారోనికి నేను చెప్త. మూత బిగించి, పొద్దు గూకకముందె తీస్కపో." మాటలు త్వరత్వరగా వచ్చాయి. వదిలించుకుంటే చాలన్నట్టు.

"ఒక్కటి అడుగుత," అన్నాడు అమర్‌సింగ్. "పోయిన దసరాకు గీ ఇంజన్ల నూనె ఎవ్వరు పోసిన్రు?"

రాజేశం ముఖం కదల్లేదు. "మా ఇంటామె పోస్తుండె. ఆమెనే అడుగు."

"అడిగిన. నిరుటి సంది పొయ్యలేదన్నది. పాత నూనె గడ్డకట్టింది. మీద మాత్రం చెంచెడు కొత్తది ఉంది."

"పాతదే అయ్యుంటది. నీకు ఇంజన్లు తెలుసు. నూనె సంగతి నీకేం తెలుసు?"

"నాకు తెలుసు గదా," అంది వెనక నుంచి విజయలక్ష్మి.

ఆమె చేతిలో అన్నం గరిటె అలాగే ఉంది. మోకాళ్లు పట్టుకుని దొడ్డి దాటి వచ్చింది, గోదాము గుమ్మం కూడా దాటింది. సీటు మీది గుడ్డ తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య రాసింది. వేళ్లు విడదీసి చూసింది. వాసన చూసింది. ముప్పై ఐదేళ్లుగా ఆ ఇంట్లో ఏ ఊరి ఆముదం ఏ నెలదో వేలికొసతో చెప్పేది ఆమే. జనగామ సరుకు, దంతాలపల్లి సరుకు కలిపి తెచ్చి ఒక్కటే అని చెప్పిన వ్యాపారులను ఆ వేళ్లే పట్టించాయి. ఆ సంగతి రాజేశానికి అందరికన్నా బాగా తెలుసు.

"రెండు ఎండాకాలాలు చూసిన నూనె తీగ సాగుతది. కనరు కంపు కొడుతది," అంది ఆమె. "గిది పోయిన దసరాదే."

ఆమె గుడ్డ మళ్లీ సీటు మీద పెట్టింది.

"గోదాం తాళంచెవి నీ మొలతాడుకే ఉంటది. దసరానాడు నేను అడగలే. నువ్వు ఇయ్యలే. మరి లోపలికి ఎవ్వరు పోయిన్రు?"

"లచ్చిమీ, మనుషులున్నరు. లోపలికి నడువు."

"ఉండనియ్యి. గీ మనుషులే ఇంత కష్టపడి తెరిసిన్రు." ఆమె గొంతు పెద్దది కాలేదు. అందుకే రుక్మిణికి భయమేసింది. "కాళేశ్వరంల పిండం పెట్టి వస్తివి. పదమూడో నాడు ఊరందరికి బువ్వ పెడితివి. నన్ను ఆయన ఫోటోకు దండ వెయ్యమంటివి, వేసిన. అయిదు నెలలు తిరగకముందే వచ్చి, ఆయన చెప్పిన బొందల, ఆయన చెప్పినట్టే నూనె పోస్తివి. వచ్చేదాంక పొయ్యమన్నడు ఆయన. సచ్చినోని కోసం ఎవ్వరు పోస్తరు? ఆయన ఏడున్నడు?"

రాజేశం చక్రం మీదికి చూస్తూ నిలబడ్డాడు. రోజుకు పదిసార్లు ఆ బండిని చెత్త అనే మనిషి, దాని పేరెత్తితే పళ్లెం ముందు నుంచి లేచిపోయే మనిషి. ఆ మనిషి తలుపు వేసుకుని ఒక్కడే కూర్చుని ఆ చిన్న రంధ్రంలోకి చెంచాతో నూనె వంచడం రుక్మిణి ఊహలోకి వచ్చింది. ఆయన మీద ఆమెకు మొదటిసారి జాలి కలిగింది.

అమర్‌సింగ్ వంగి, కింద పరిచిన పానాలు ఒకటొకటే తుడిచి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు రాజేశం, ఆ చప్పుడుకు తలెత్తి. "నీదని చెప్పిన గదా. మాట ఇచ్చిన."

"దాని మనిషి పోయిండని ఇచ్చినవ్ సావుకారి. ఉన్నడంటె ఇయ్యనీకె నీదెట్ల అయితది, తీస్కోనీకె నాదెట్ల అయితది?" అతని గొంతులో కోపం లేదు. "మృగశిరకు ఇంక పదిరోజులున్నయ్. ఉన్నడో లేడో చెప్పు. లేడంటె గిప్పుడే బిగిస్త. ఉన్నడంటె ఆయన్నే అడుగుత. ఇస్తడు, ఇయ్యడు, ఆయన ఇష్టం."

గంగి గోడవైపు తిరిగి నిలబడింది. భర్త సంచి ముడి వేయబోతే మాత్రం వచ్చి, ఆ ముడి తానే వేసింది.

రుక్మిణి వాళ్లిద్దరినీ చూసింది. పొద్దున ఆ ఆరో బోల్టును విరగకుండా విప్పినప్పుడు అదే అతని పనితనంలో గొప్పదనుకుంది. ఇప్పుడు అలా అనిపించలేదు. అతను నోరు మూసుకుని ఉంటే ఈపాటికి బండి దొడ్డి దాటేది.

"లేడని చెప్పు," అంది విజయలక్ష్మి, భర్త ముందుకు వచ్చి. "నా మొకం చూసి, లేడని ఒక్కమాట చెప్పు. ఇగ అడగ. అమర్‌సింగుకు బండి దక్కుతది, నీకు నిమ్మలమైతది."

రాజేశం ఆమె ముఖం చూశాడు. పెదవులు కదిలాయి. రుక్మిణి ఆ ఒక్క మాట కోసం చెవి రిక్కించింది. గంగి గోడవైపు నుంచి ఇటు తిరిగింది. అమర్‌సింగ్ సంచి భుజానికి వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

ఆ మాట రాలేదు.

ఆయన దొడ్డి దాటి ఇంట్లోకి నడిచాడు. వడ్డించిన పళ్లెం పక్క నుంచి పోయాడు. చిలక్కొయ్యకున్న అంగీ తీసి తొడుక్కున్నాడు, గుండీలు కూడా పెట్టుకోలేదు. పెట్టె మూత తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. రుక్మిణి ఆయన వెనకే ముందు గది దాకా పరుగెత్తి, గడప దగ్గర ఆగింది. మామకు ఎదురుపడి అడిగే అలవాటు ఆ ఇంట్లో కోడళ్లకు లేదు. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టి, మండే ఎండలోకి దిగాడు.

వాళ్ల దుకాణం ఇంటికి కుడిచేతి వైపు. ఆయన ఎడమకు తిరిగి, సంజీవ రైలెక్కిపోయిన స్టేషను దారి పట్టాడు.